మూసిన పెట్టెలో గాలి

దేవుడి గదిలో ఫాను ఆపి, తలుపు మూసి, అగరువత్తి వెలిగించి చూడండి. పొగ కొంత ఎత్తు వరకు దారం లాగినట్టు తిన్నగా పోతుంది. ఆపైన వణుకుతుంది, మెలికలు తిరుగుతుంది, చెదిరిపోతుంది. తిన్నగా పోయినంత మేర లెక్క సులువే. చెదిరిన చోటినుంచే మా బోటి ఇంజనీర్ల తంటాలన్నీ.

వేడెక్కిన గాలి తేలికై పైకి పోవడం, చల్లబడింది కిందికి దిగడం - దీన్నే సహజ సంవహనం అంటారు. కరెంటు సామాను బిగించిన ఇనపపెట్టె వేసవిలో లోపల ఎంత కాగుతుందో ముందే తెలియాలంటే ఈ గాలి లెక్క తేలాలి. ప్రతి చిన్న సుడినీ విడివిడిగా లెక్కగట్టే పద్ధతి లేకపోలేదు. కాని దానికి పెద్ద పెద్ద కంప్యూటర్లే ఆయాసపడతాయి. అంచేత సుడులన్నిటి ఉమ్మడి ప్రభావాన్ని అంచనా కట్టే అడ్డదారి సూత్రాలు పుట్టాయి. వాటినే టర్బులెన్స్ మోడళ్ళు అంటారు. వాటిలో పేరు మోసింది కె-ఎప్సిలాన్. లాండర్, స్పాల్డింగ్ గార్లు 1974లో దాన్ని వాడుకలోకి తెచ్చారు. గొట్టాల్లో పారే ప్రవాహాలకు భేషుగ్గా పనికొచ్చింది.

నేనూ దాన్నే నమ్ముకున్నాను. ఒక పెట్టెకు లెక్కవేసి, ఎరుపూ నీలమూ కలిసిన రంగుల బొమ్మ చూసుకుని మురిసిపోయాను. గోడల గుండా వేడి పుష్కలంగా బయటికి పోతుందని బొమ్మ చెప్పింది. ఫాను అక్కరలేదని సంతకం పెట్టి ఇచ్చాను. మే నెల వచ్చేసరికి లోపలి సామాను కాస్తా మాడి కూర్చుంది. సంతకం నాదే, ఇంకెవర్నని ఏం లాభం?

అప్పుడు గాని పుస్తకాలు తిరగెయ్యలేదు. గోడ పక్క గాలిని లెక్కించకుండా ఒక సూత్రంతో దాటేసే మామూలు కె-ఎప్సిలాన్, మూసిన పెట్టెలో వేడి బదిలీని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెబుతుందని హాలండులో హెంక్స్ ప్రభృతులు 1991లోనే చూపారు. గోడ అంచు దాకా లెక్కవేసే రకాలు కొలతలకు దగ్గరగా వచ్చాయట.

కారణం లండన్‌లో టియాన్, కరయన్నిస్ గార్లు 2000లో ప్రకటించిన ప్రయోగంలో కళ్ళకు కట్టినట్టుంది. ముప్పావు మీటరు ఎత్తు, అంతే వెడల్పు ఉన్న పెట్టె. ఒక గోడ 50 డిగ్రీలు, ఎదుటి గోడ 10 డిగ్రీలు. గాలి ఉరుకులన్నీ గోడల వెంట పల్చటి పొరల్లోనే! నడిమి గాలి అడుగున చల్లగా, పైన వెచ్చగా, చెరువు నీళ్ళలా నిలకడగా ఉంది. గొట్టాల దగ్గర నేర్చిన సూత్రం ఆ పల్చటి పొరకు ఎలా అతుకుతుంది చెప్పండి?

1994లో మెంటర్ గారి ఎస్.ఎస్.టి. మోడల్ వచ్చింది. గోడ దగ్గర కె-ఒమేగా, దూరాన కె-ఎప్సిలాన్ - ఉభయులకూ రాజీ అన్నమాట. నాకిదే ఇష్టం. కాకపోతే గోడ పక్కన గళ్ళు మరీ సన్నగా గీయాలి. పొగ ఎక్కడ వణకడం మొదలెడుతుందో ఇదీ ఖచ్చితంగా చెప్పలేదు. పెద్ద సుడులను నేరుగా లెక్కించి, చిన్నవాటికే అంచనా వాడే ఎల్.ఇ.ఎస్. పద్ధతి మెరుగే గాని, అంత తీరిక ఎవరికుంది?

ఇప్పుడు ఏ కొత్త పెట్టె వచ్చినా ముందు ఆ లండన్ పెట్టెకే లెక్క వేస్తాను. వాళ్ళు కొలిచిన అంకెలు వస్తేనే నా పెట్టె జోలికి పోతాను. మొన్నటి పెట్టెకు ఫాను కావాలని తేలింది. బొమ్మ మాత్రం ఏమంత బాగా లేదు.