అంచున వ్రాసిన వ్యుత్పత్తులు

గ్రంథాలయమందలి నిఘంటువునకు ఇద్దరు కర్తలుందురు. ఒకని పేరు ముఖపత్రముపై అచ్చగును. రెండవవానికి పేరుండదు, పెన్సిలు మాత్ర ముండును. అర్థముల జోలికి అతడు తరచుగా పోడు. శబ్దము ఎచ్చట పుట్టినదను ప్రశ్న వచ్చినప్పుడు మాత్రము అతనికి సందేహమన్నది కలుగదు.

హిందీ నిఘంటువున 'నీలామ్' అను మాటకు ఎదుట 'పోర్చుగీసు' అని అచ్చయి యున్నదనుకొందము. మన పాఠకుడు దానిని కొట్టివేసి, 'కాదు, సంస్కృత నీలశబ్దమే' యని అంచున వ్రాయును. నీలవర్ణమునకును వేలంపాటకును ఏమి సంబంధమని అడుగరాదు. ధ్వని కలిసినది, చాలును! కాని ఆ మాట నడచివచ్చిన త్రోవ ఇంకను చెరిగిపోలేదు. అరబ్బీలో ప్రకటన యను అర్థముగల శబ్దము పోర్చుగీసున 'లెయిలావ్' అయినది. ఓడలమీద వచ్చిన వర్తకులతో అది ఈ దేశమున దిగి తమిళమున ఏలమ్, తెలుగున వేలము, హిందీలో నీలామ్ అయినది. మరాఠీవారు నేటికిని 'లిలావ్' అనియే యందురు. ఆ మొదటి లకారమునకు నీలశబ్దము ఏమి సమాధానము చెప్పగలదు?

ఈ వ్యాధి క్రొత్తది కాదు. నామములన్నియు ధాతువులనుండియే పుట్టినవని శాకటాయనుడు పట్టుబట్టగా, అన్నియు కావని గార్గ్యుడు ఎదిరించెను. త్రోవను వ్యాపించుటచేత అశ్వమునకు ఆ పేరు వచ్చినచో, త్రోవ నడచు ప్రతిదియు అశ్వమే కావలదా యను ఆక్షేపము యాస్కుని నిరుక్తముననే యున్నది. యాస్కుడు ఆ పక్షమును అంగీకరింపలేదు. అయినను దానిని దాచలేదు, సమాధానము చెప్పెను. అంచున వ్రాయు నేటి పండితుడు ప్రతిపక్షమును పెన్సిలుతో కొట్టివేయును. భేద మచ్చటనే యున్నది.

పాఠకుడు వ్రాయరాదని దీని యర్థము కాదు. 1879లో జేమ్స్ మర్రే ఇంగ్లీషు నిఘంటువు కొరకు పాఠకులను బహిరంగముగా సాయమడిగెను. వారు చేతివ్రాతతో చీటీలు పంపిరి. ఏ గ్రంథమున, ఏ సంవత్సరమున, ఏ వాక్యమున ఆ మాట కనబడినదో వాటిలో వ్రాసిరి. 1928లో ముగిసిన ఆ మహానిఘంటువు అట్టి చీటీల పునాదిపై నిలిచినది. మన అంచువ్రాతలలో గ్రంథముండదు, సంవత్సరముండదు. దస్తావేజు లేక పొలము తనదనువాని వాదమువలె నుండును.

దక్షిణమునను ఇట్టి చేతులకు కొదువ లేదు. సంస్కృతమందలి మీనశబ్దము ద్రావిడమని పండితులనేకులు ఒప్పుకొనిరని విన్నంతనే, సంస్కృతమంతయు మనదేయని అంచులు నింపువారు కలరు. ఆ యొక్క మాటకు పండితులు చూపిన సాక్ష్యమును తక్కినవాటికిని చూపవలెనని వారికి తోచదు.

ఇది నిరపాయకరమైన వినోదమైనచో చూచి నవ్వుకొనవచ్చును. కాని పెన్సిలువ్రాత సిరావ్రాత యగుచున్నది. పుట్టుక పరాయిది కనుక మాటను వెడలగొట్టవలెనని పారిభాషిక పదములు కూర్చువారిలో కొందరు తలచుచున్నారు. వారు రాజ్యాంగమందలి 351వ అధికరణమును చూపుదురు. హిందీ ముఖ్యముగా సంస్కృతమునుండి పదములు గ్రహింపవలెనని అందున్నమాట నిజమే. ఇతర భాషలనుండియు గ్రహింపవచ్చుననియు, హిందుస్థానీ మొదలగు భాషల రూపములను, శైలిని ఇముడ్చుకొనవలెననియు ఆ వాక్యముననే కలదు. సగము వాక్యము చదివినవాని చేతికి పెన్సిలు చిక్కిన, నష్టపోవునది నిఘంటువు కాదు; కచేరీ గుమ్మమున కాగితము పట్టుకొని నిలిచిన రైతు. జప్తు, హాజరు, వకాలతు అను మాటలు అతనికి తెలియును. వాటి స్థానమున వచ్చిన పదమును వకీలే అతనికి విప్పిచెప్పవలెను.

1852లో తెలుగు నిఘంటువును వెలువరించిన బ్రౌను, ఇట్టి అన్యదేశ్యములకు 1854లో వేరొక నిఘంటువే కూర్చెను. వేరుగా ఉంచెను గాని వెలివేయలేదు.

పారసీక శబ్దములను ఒక్కొక్కటిగా కొట్టివేయుచు పోవువాడు న్యాయముగా ముఖపత్రముతో ఆరంభింపవలెను. సింధుశబ్దమును హకారముతో పలికినవారు పారసీకులు. 'హిందీ' యను పేరు వారి నోటిదే. ఆ పుటకు మాత్రము పెన్సిలు పోదు.