ఊదని ఈల
శనివారం పొద్దున్నే కాలిఫోర్నియా పార్కుల్లో ఫుట్‌బాల్ గీత పక్కన మడత కుర్చీలేసుకుని కూర్చునే అమ్మానాన్నల్లో, మొన్నమొన్నటిదాకా అందరికంటే పెద్ద గొంతు నాదే. 1964లో టారెన్స్‌లో పుట్టిన ఏవైఎస్ఓ పిల్లల లీగు నడిచేది స్వచ్ఛందంగా వచ్చేవాళ్లతోనే. చాలాచోట్ల తల్లిదండ్రులే శిక్షణ తీసుకుని రిఫరీలుగా ఈల పట్టుకుంటారు. ఇప్పుడు నేనూ పట్టుకున్నాను. దీన్ని అందరూ సేవ అంటారు. నేనైతే వైద్యం అంటాను, అదీ నాకే. ఈల నోట్లో ఉంటే అరవడం కుదరదు, అది మొదటి మోతాదు. అసలు మందు ఆట నియమాల్లో ఐదోదానిలో ఉంది. దానిపేరు అడ్వాంటేజ్. ఫౌల్ జరిగినా, ఆట సాగడమే దెబ్బతిన్న జట్టుకు లాభమనిపిస్తే రిఫరీ ఈల ఊదడు. కొన్ని సెకన్లు చూస్తాడు. లాభం దక్కకపోతే అప్పుడు ఆపి ఫ్రీకిక్ ఇస్తాడు. ఆ కొన్ని సెకన్లే నాకు కొండంత. మొన్న ఒక తొమ్మిదేళ్ల పిల్లను ఎవరో తోశారు. తూలింది, పడబోయింది, నిలదొక్కుకుని బంతితో దూసుకుపోయింది. నేను తొందరపడి ఊది ఉంటే, ఆ పరుగును దొంగిలించేది తోసినవాడు కాదు, నేనే. ఇంట్లో నేను చేసేది సరిగ్గా ఆ దొంగతనమే: మావాడి లెక్కలో తప్పు కనిపిస్తే చాలు, వాడు దిద్దుకునేలోపే ఈల మోగిపోతుంది. చూసీచూడనట్టు వదిలేయడం వేరు, చూస్తూ ఆగడం వేరు. ఆ తేడా నాకు నేర్పింది పెంపకం పుస్తకాలు కాదు, మెళ్లో వేలాడే ఈల.