లేని యంత్రానికి కొటేషనా?

మా అత్తమ్మకి యాభై ఏళ్ళు నిండకముందే కుడిచెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. పొద్దున్నే దువ్వెన పట్టుకుని నా ముందు వచ్చి కూర్చునేది. "బిడ్డా, కొప్పు నువ్వే ఎయ్యి, నా చెయ్యి లేస్తలేదు" అనేది. కొత్త కోడల్ని, నాకది వింతగా ఉండేది. పెద్దావిడ ముద్దు చేస్తోందనుకున్నాను. కొన్నాళ్ళకి గానీ తెలియలేదు, అది ఆసు పోసి పోసి అరిగిపోయిన చెయ్యి అని.

పోచంపల్లి చీర కట్టని ఇల్లాలు మనలో తక్కువ. ఆ చీర మీది పువ్వులూ గళ్ళూ నేసేటప్పుడు వచ్చేవి కావు. నూలు మగ్గమెక్కకముందే దాన్ని లెక్క ప్రకారం పరిచి, ముళ్ళు కట్టి, రంగుల్లో ముంచుతారు. అలా పరిచే పనే ఆసు పోయడం. ఒక చట్రం మీద ఒకవైపు ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా బోలెడు మేకులు ఉంటాయి. దారం పట్టుకుని చెయ్యి అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకి దాదాపు తొమ్మిదివేల సార్లు! నాలుగైదు గంటల పని. రోజుకి రెండు చీరలకి పోస్తే పద్ధెనిమిది వేల సార్లు. మా పక్క మగ్గం మీద మగవాళ్ళు కూర్చున్నా, ఆసు మాత్రం ఆడవాళ్ళ వంతే. చీర నేసినాయనకి పేరుంటుంది. ఆసు పోసినామెకి భుజం నొప్పి ఉంటుంది.

ఈ నొప్పి ఒక కొడుకుని నిద్రపోనివ్వలేదు. ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. బడి మధ్యలో మానేసిన ఆ యువకుడు తల్లి లక్ష్మి బాధ చూడలేక 1992లో ఆసు యంత్రం తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేసరికి 1999 అయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకి దిగింది. దానికి తల్లి పేరే పెట్టి 'లక్ష్మీ ఆసు యంత్రం' అన్నాడు. ఆ తర్వాత పల్లె సృజన, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ లాంటి సంస్థలు ఆయన్ని గుర్తించాయి, పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ నన్ను తొలిచే ప్రశ్న ఒకటుంది. ఆ ఏడేళ్ళూ ఆయన వెనక ఎవరున్నారు? ఇల్లూ, అప్పులూ, ఊరివాళ్ళ నవ్వులూ! ప్రభుత్వం తోడ్పాటుతో నడిచే ఆ ఫౌండేషన్ పుట్టిందే 2000లో. అంటే యంత్రం తయారయ్యాక!

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. 1996లో నేను ఒక చిన్న ఊరి బ్యాంకు శాఖలో గుమాస్తాని. ఒకరోజు ఒక చేనేత మహిళ వచ్చింది. కండెలు చుట్టే రాట్నానికి కుట్టుమిషను మోటారు బిగించి, కాలితో వేగం తగ్గించి పెంచేలా చేస్తానంది. పాత పుస్తకం వెనక అట్ట మీద పెన్సిలుతో బొమ్మ కూడా గీసుకొచ్చింది. అడిగింది మూడువేల రూపాయలు. నేను ఫారం చూసి, "మిషను కొటేషను ఏది?" అన్నాను.

"మేడం, మిషను ఇంక చెయ్యనేలేదు గద, కాయితం ఏడికెల్లి తేవాలె?" అంది.

నా దగ్గర జవాబు లేదు. రూల్సు అలాగే ఉన్నాయి మరి. "కొటేషనూ, జామీనూ తీసుకుని రామ్మా" అని పంపించేశాను. మళ్ళీ రాలేదు. ఇంట్లో రోజూ అత్తమ్మ కొప్పు ముడివేసే చేతులతోనే ఆమె కాగితం వెనక్కి ఇచ్చేశాను. ఆ బొమ్మ సరిగ్గా పనిచేసేదో లేదో నాకు తెలియదు. తెలుసుకునే దారిని మూసింది మాత్రం నేనే.

అప్పటికీ ఇప్పటికీ చాలా మారిందంటారు. మారిన మాట నిజమే, కాదనను. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ చుట్టూ పెరిగిన ఉద్యోగాల్లోనే మా ఆడపడుచు కూతురు ఈరోజు చేస్తోంది. ప్రభుత్వం స్థలమిచ్చి, రోడ్లు వేసి, రాయితీలిచ్చి పిలవకపోతే ఆ కంపెనీలు వచ్చేవా? 2015లో టీ-హబ్ వచ్చింది. 2018 మహిళా దినోత్సవం నాడు ఆడవాళ్ళ కోసమే వీ-హబ్ మొదలుపెట్టారు. ఒక రాష్ట్ర ప్రభుత్వం మహిళా పారిశ్రామికవేత్తల కోసం ఇలాంటిది పెట్టడం దేశంలో అదే మొదటిసారి. 2025లో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచారు. ఇవన్నీ మంచివే.

కానీ ఆ పెన్సిలు బొమ్మ పట్టుకుని ఒకామె ఈరోజు బయల్దేరితే ఎక్కడికెళ్ళాలి? 2021లో కేంద్రం 945 కోట్లతో స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పెట్టింది. ఆలోచన పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి 20 లక్షల దాకా గ్రాంటు ఇస్తామంది. సరిగ్గా కావలసింది ఇదే కదా అని నేనూ సంబరపడ్డాను. తీరా చూస్తే, ముందు ఒక కంపెనీ రిజిస్టరై ఉండాలి, దానికి స్టార్టప్ అని గుర్తింపు ఉండాలి. కండెలు చుట్టే ఆమె కంపెనీ పెట్టాలా? ఆమెకి కావలసింది ఇరవై లక్షలు కాదే! పదో ఇరవయ్యో వేలు, ఇనుము కోసి అతికే చోటు, పొరపాటు జరిగితే "ఇంకోసారి చూడు" అనే మనిషి. మనం అడిగిన కొటేషను కాస్తా పేరు మార్చుకుని కంపెనీ కాగితంగా వచ్చింది, అంతే.

తెలంగాణలో 2019 నుంచి 'ఇంటింటా ఇన్నోవేటర్' అని పల్లెల్లోని ఆవిష్కరణలని వెతికి ప్రదర్శనలు పెడుతున్నారు. మంచి ఆలోచన. అయితే ప్రదర్శనకి పెట్టాలంటే వస్తువు తయారై ఉండాలి. తయారుకాకముందు పడే కష్టమే కదా అసలు కష్టం! గెలిచాక శాలువా కప్పడానికి అందరూ వస్తారు. ఓడిపోతున్న నాలుగో ఏడు ఎవరొస్తారు?

"చెయ్యని యంత్రానికి డబ్బిస్తే ఎగ్గొట్టరా, సర్కారు సొమ్ము పోదా?" అంటారు కొందరు. పోతుంది, కొంత తప్పకుండా పోతుంది. పదిమంది మొదలుపెడితే ఏ ఒకరిద్దరివో నిలుస్తాయి. నగరాల్లో స్టార్టప్‌లు మూతపడితే "అది అనుభవం" అంటాం. పల్లెలో ఆడమనిషి యంత్రం తిరక్కపోతే "డబ్బు దండగ" అంటాం. ఈ రెండు నాల్కలెందుకు?

ఇంకో ప్రశ్న కూడా ఉంది, అది నన్ను నిజంగా భయపెడుతుంది. యంత్రమొస్తే ఆసు కూలి మీద బతికే ఆడవాళ్ళ గతేమిటి? ఈ భయం ఉత్తదేమీ కాదు. యంత్రం షావుకారు ఇంట్లో ఉంటే ఆమెకి భుజం నొప్పితో పాటు కూలీ పోతుంది. అదే యంత్రం ఆమె పేరున ఉంటే? నాలుగు మగ్గాలకి ఆసు పోసి తనే నాలుగు డబ్బులు చూస్తుంది. కష్టం పోయి, ఆదాయం నిలుస్తుంది. కాబట్టి యంత్రం రావాలా వద్దా అన్నదొక్కటే కాదు, ఎవరి పేరున రావాలన్నదీ తేల్చుకోవాలి. మా దగ్గరి బంధువొకామె రాయితీ యంత్రం కోసం ఒక ఆఫీసుకి వెళితే అడిగిన మొదటి మాట "మగ్గం ఎవరి పేరునుంది?" అని. ముప్పై ఏళ్ళు ఆసు పోసిన చెయ్యి ఆమెది, గుర్తింపు కార్డు మాత్రం ఆయనది!

2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షలకి పైగా చేనేత కార్మికులుంటే అందులో 25 లక్షలకి పైగా ఆడవాళ్ళే. కొత్త యంత్రాల గురించి మాట్లాడేటప్పుడు ఈ 25 లక్షలమందిని "మీకెక్కడ నొప్పి?" అని అడిగినవాళ్ళెందరు?

నేను పెద్ద పెద్ద భవనాలు వద్దనడం లేదు. వాటి ఖర్చులో చిన్న తునక ఇటు మళ్ళించమంటున్నాను. ప్రతి ప్రాంతంలోనూ ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో లేత్ మిషన్లూ వెల్డింగ్ సామానూ ఉంటాయి. సాయంత్రాలు వాటిని ఊరివాళ్ళకి తెరవండి. కంపెనీ, కొటేషను, జామీను అడగకుండా, బొమ్మ చూసి, మనిషితో మాట్లాడి కొద్ది మొత్తం విడతలుగా ఇవ్వండి. రాయితీ యంత్రం ఆ పని చేసే ఆమె పేరునే ఇవ్వండి. ఇవేమీ ఆకాశానికి నిచ్చెన వెయ్యమనే కోరికలు కావు కదా?

ఇక మన వంతు. పొదుపు సంఘాల్లో అప్పులు, వాయిదాలు మాట్లాడుకుంటాం. వచ్చే మీటింగులో పది నిమిషాలు ఈ మాట కూడా ఎత్తండి: "మన పనుల్లో ఒళ్ళు విరిగే పని ఏది? దాన్ని తేలిక చేసే ఉపాయం ఎవరికైనా తట్టిందా?" మిర్చి తొడిమలు తీసేవాళ్ళకి, బీడీలు చుట్టేవాళ్ళకి, అప్పడాలు వత్తేవాళ్ళకి తట్టకుండా ఉంటుందా? నవ్వకుండా వినండి. తీర్మానం పుస్తకంలో రాయించండి. మండలాఫీసుకి, కలెక్టరుగారికి సంఘం పేరున పంపండి. ఒక్క మనిషి కాగితాన్ని నాలాంటి గుమాస్తా తేలిగ్గా వెనక్కి ఇచ్చెయ్యగలదు. పదిమంది సంతకాలున్న కాగితాన్ని అంత తేలిగ్గా ఇవ్వలేదు. ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని, నాకు తెలుసు.