కృష్ణగిరి జిల్లా కలెక్టరు గారికి: మామోగ్రామ్ గదిలో ఏం జరుగుతుందో ముందే చెప్పించండి



‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని ముఖ్యమంత్రి స్టాలిన్ గారు 2021 ఆగస్టు 5న మొదలుపెట్టింది మన జిల్లాలోని సామనపల్లిలో. ఆరోగ్య కార్యకర్త బీపీ మాత్రలూ షుగరు మాత్రలూ సంచిలో వేసుకుని గడప దగ్గరికే రావడం ఈ రాష్ట్రంలో ముందుగా చూసినవాటిలో మన పల్లెలూ ఉన్నాయి. 2024లో ఆ పథకానికి ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. అందులో మన జిల్లాకూ వాటా ఉందన్న చొరవతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. అదే గడప దగ్గర, అంతే చనువుగా, తెలుగు మాట్లాడే ఇళ్ళలో తెలుగులోనే రొమ్ము క్యాన్సర్ పరీక్ష గురించి మాట్లాడించండి. మామోగ్రామ్‌కు, అంటే రొమ్ము ఎక్స్‌రేకు, రమ్మని పిలిచే ముందు, అక్కడ ఏం చేస్తారో, దానికి ఎలా సిద్ధమై రావాలో ప్రతి ఆడమనిషికీ చెప్పించండి. నేను అడగబోయేవాటిలో ముఖ్యమైనది ఇదే.

నేను హోసూరు పక్క పల్లెలో పుట్టి, తెలుగు మీడియం బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరును. బాగలూరు, బేరికె, సూళగిరి, వేపనపల్లి వైపు యాభై దాటిన తెలుగు ఆడవాళ్ళు సంతలోనూ బస్సులోనూ తమిళం బాగానే మాట్లాడతారు, కానీ చదవలేరు. చాలామందికి ఏ భాషా చదవడం రాదు. అందుకని గోడమీద అంటించే కాగితం ఎంత చక్కగా ఉన్నా వాళ్ళ దాకా చేరదు. చెవిన పడాలి, అదీ నమ్మకమున్న మనిషి నోటి నుంచి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన లెక్క ఒకటి ఉంది. 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఒక్కరు కూడా లేరు, 0.9 శాతం. తమిళనాడులో 5.6 శాతం. దేశంలో మనం ముందున్న మాట నిజమే. కానీ మిగిలిన తొంభై నలుగురి సంగతేమిటి? 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిందనీ, 98,000 మంది దానితో చనిపోయారనీ ప్రపంచ క్యాన్సర్ అంచనాలు చెబుతున్నాయి. తొలిదశలో దొరికితే బాగయ్యే జబ్బు ఇది. మన దగ్గర ఇంతమంది పోవడానికి పెద్ద కారణం ఆలస్యంగా రావడం.

ఆలస్యం ఎందుకవుతుందో పల్లెలో కూర్చుంటే తెలుస్తుంది. ‘నొప్పి లేదు కదమ్మా, ఆస్పత్రికి ఏంటికి పోవాల?’ అంటారు. నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ‘మిషన్లో పెట్టి పిండేస్తారంట’, ‘మగోడు తీస్తాడంట’, ‘ఎక్స్‌రే పడితే లేని రోగం వస్తుందంట’, ‘తాళి తీసెయ్యమంటారంట’. వీటిని మూఢనమ్మకాలని కొట్టిపారేయడం నాకు నచ్చదు. ఒక్కోటీ న్యాయమైన ప్రశ్న, దేనికీ జవాబు లేకపోలేదు. జవాబు చెప్పే మనిషే దొరకడం లేదు.

పోయినేడు నేను మామోగ్రామ్ తీయించుకోవడానికి వెళ్ళినప్పుడు నా పక్కన వేపనపల్లి వైపు నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. యాభై అయిదేళ్ళుంటాయి. ముఖం పీక్కుపోయి ఉంది. అడిగితే ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినలేదంది. షుగరు పరీక్షకు పరగడుపున రమ్మంటారు కాబట్టి దీనికీ అంతేననుకుని మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మామోగ్రామ్‌కు పస్తు ఉండే పనే లేదు. రాగి సంగటి తిని వచ్చినా ఏమీ కాదు. పైగా పట్నం ఆస్పత్రికి పోతున్నానని శుభ్రంగా తలంటుకుని, మెడకీ చంకలకీ దట్టంగా పౌడరు అద్దుకుంది. లోపలికి పిలిచాక ‘కడుక్కుని రా’ అని బయటికి పంపించారు. తలుపు సరిగ్గా పడని బాత్రూములో, తుడుచుకోవడానికి కొంగు తప్ప ఇంకేమీ లేక ఆ తల్లి పడ్డ సిగ్గు నేను చూశాను. బయటికి వచ్చి ‘పొయ్యొస్తానమ్మా, ఇంగొకనాడు చూస్తాం’ అని సంచి అందుకుంది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను కాబట్టి ఆగింది. ఆ రోజు ఆమె వెళ్ళిపోయి ఉంటే మళ్ళీ వచ్చేదా? నాకైతే నమ్మకం లేదు.

పౌడరు వద్దనడానికి కారణం చిన్నదే. పౌడరు, చంకలకు కొట్టుకునే స్ప్రే, జింకు కలిసిన ఆయింట్‌మెంటు ఎక్స్‌రే బొమ్మలో తెల్లటి చుక్కలుగా పడవచ్చు. క్యాన్సర్ తొలిదశలో కొందరికి రొమ్ములో ఏర్పడే సున్నపు రేణువులు కూడా తెల్లటి చుక్కలుగానే కనిపిస్తాయి. ఒకటి ఇంకొకటిగా పొరబడితే లేని భయం పట్టుకుంటుంది. ‘ఆ పొద్దు స్నానం చేసి రా, ఒంటికి ఏమీ పూసుకోవద్దు’ అని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఆమెకు ఆ అవస్థ ఉండేది కాదు.

గదిలో జరిగేది కూడా దాచుకోవాల్సిందేమీ కాదు. మనిషి ఎత్తున యంత్రం, దానికి రొమ్ము ఆనేలా ఒక పలక, పైనుంచి దిగే ప్లాస్టిక్ పలక. పలక కొంచెం చల్లగా తగిలింది. టెక్నీషియన్ అమ్మాయి రొమ్మును తన చేత్తో సర్ది పలకమీద ఉంచింది. పైపలక దిగి అదిమింది, ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టమంది, యంత్రం టిక్కుమంది, పలక వదిలేసింది. అదిమి ఉంచేది కొన్ని సెకన్లే. నొప్పి లేదని చెప్పను. బిగుతుగా ఉంటుంది, కొందరికి బాగానే నొస్తుంది. తట్టుకోలేకపోతే ఆపమని చెప్పే హక్కు మనకుంది. ఒక్కో రొమ్ముకు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఏటవాలుగా ఒకటి, మొత్తం నాలుగు బొమ్మలు. గదిలోకి వెళ్ళి బయటికి వచ్చేసరికి ఇరవై నిమిషాలు. అదిమేది ఊరికే కాదు. రొమ్ము పలచగా పరుచుకుంటే ఒకదాని వెనక ఒకటి దాగిన భాగాలు విడివిడిగా కనిపిస్తాయి, బొమ్మ అలుక్కుపోదు, ఎక్స్‌రే కూడా తక్కువ చాలుతుంది. ఆ ఎక్స్‌రే మోతాదు ఎంతంటే, నేల నుంచీ ఆకాశం నుంచీ మన ఒంటికి మామూలుగా ఏడు వారాల్లో తగిలేంత.

నెలసరి ఇంకా ఆగనివాళ్ళకు తేదీ ఇచ్చేటప్పుడు నెలసరి ఎప్పుడని అడగాలి. అది రావడానికి ముందు వారం రొమ్ములు సలుపుతూ ఉంటాయి, అప్పుడు అదిమితే ప్రాణం పోయినంత పనవుతుంది. వచ్చి వెళ్ళిన తరవాత వారం అయితే మేలు. నెలసరి ఆగినవాళ్ళు ఏ రోజైనా రావచ్చు. చీర, రవిక చాలు. చుడీదారైనా సరే. నైటీలో వస్తే ఒళ్ళంతా విప్పాల్సి వస్తుంది. గర్భమేమో అన్న అనుమానం ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా, రొమ్ముకు ముందెప్పుడైనా ఆపరేషన్ జరిగినా, చేతికి గడ్డ తగులుతున్నా ముందే చెప్పాలి. పాత మామోగ్రామ్ ఉంటే తప్పకుండా తేవాలి. ఈ ఏటి బొమ్మను పాత బొమ్మ పక్కన పెట్టి చూస్తేనే మార్పు తెలుస్తుంది. మన ఆడవాళ్ళు రేషన్ కార్డును దాచినంత జాగ్రత్తగా ఈ ఫిల్మును దాచాలి.

ఇక తాళి సంగతి. మెడలో లోహం బొమ్మకు అడ్డొస్తుంది కాబట్టి గొలుసులన్నీ తీయమంటారు. మా వైపు పెద్దవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. గదిలో, రవిక విప్పి నిలబడి ఉన్నప్పుడు, ‘తీసెయ్’ అని హఠాత్తుగా అంటే మనసు విరిగిపోతుంది. ముందురోజే చెబితే ఇంట్లో మాట్లాడుకుని పసుపుతాడుకు మార్చుకునో, తీసి కూతురి చేతికిచ్చో వస్తారు. తీయడానికి ఒప్పుకోలేనివాళ్ళు టెక్నీషియన్‌ను అడిగితే, వీపు వైపుకు తిప్పి అడ్డం రాకుండా నిలపవచ్చేమో చూస్తారు. నగలు పెట్టుకోవడానికి తాళం ఉన్న చిన్న పెట్టె గదిలోనే ఉండాలి. మామోగ్రామ్ తీసేది ఆడమనిషే అన్న మాట తేదీ రాసిచ్చే చీటీ మీదే ఉండాలి.

అందరికీ మామోగ్రామ్ తీయించండి అని అడగడం నా ఉద్దేశం కాదు. ఏ వయసులో పిలవాలన్నది దేశానికొక తీరు. బ్రిటన్‌లో 50 నిండిన దగ్గర్నుంచి 71 వరకు మూడేళ్ళకోసారి పిలుస్తారు. అమెరికాలో 2024లో సలహా మార్చి, 40 నుంచి 74 వరకు రెండేళ్ళకోసారి అన్నారు. మన దేశంలో 2016 నాటి మార్గదర్శకాలు 30 నుంచి 65 ఏళ్ళ వాళ్ళకు అయిదేళ్ళకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేయమన్నాయి. మన దగ్గర ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకంటే చిన్న వయసులోనే వస్తోంది. చిన్న వయసులో రొమ్ము చిక్కగా ఉండి మామోగ్రామ్‌లో గడ్డ దాగిపోవచ్చు. అప్పుడు అల్ట్రాసౌండే మేలు.

చేత్తో చేసే పరీక్షను తక్కువగా చూడొద్దు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది ఆడవాళ్ళ మీద ఇరవై ఏళ్ళు పరిశోధన చేశారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షించారు, వాళ్ళు డాక్టర్లు కారు. యాభై దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ చావులు ముప్పై శాతం దాకా తగ్గాయని 2021లో ప్రకటించారు. యాభై లోపు వాళ్ళలో అంత తేడా కనిపించలేదు, అదీ చెప్పాలి. హైదరాబాదు డాక్టరు పి. రఘురామ్ గారు తల్లి పేరుమీద 2007లో స్థాపించిన ఉషాలక్ష్మి ఫౌండేషన్ కూడా తెలుగు జిల్లాల పల్లెల్లో ఇదే దారి పట్టింది. తెలుగుతో సహా చాలా భారతీయ భాషల్లో రొమ్ము ఆరోగ్యం మీద ఫోన్ యాప్ కూడా తెచ్చింది. కాబట్టి తెలుగులో మాటలు వెతుక్కోవాల్సిన పని జిల్లా ఆరోగ్యశాఖకు లేదు. మన సంచి కార్యకర్తలు ఇంటింటికీ తిరుగుతూనే ఉన్నారు. వాళ్ళకు చేత్తో పరీక్షించే శిక్షణ ఇప్పించి, అనుమానం ఉన్నవాళ్ళనీ, వయసు వచ్చినవాళ్ళనీ, తల్లికో అక్కచెల్లెళ్ళకో ఈ జబ్బు వచ్చినవాళ్ళనీ మామోగ్రామ్‌కు పంపించండి.

ఇంకొక మాట కూడా వాళ్ళ నోట చెప్పించాలి. బొమ్మ తీశాక మళ్ళీ రమ్మన్నారంటే క్యాన్సర్ అని కాదు. అమెరికాలో వందమందిలో పదిమంది దాకా మళ్ళీ పిలుస్తారు, వాళ్ళలో ఎక్కువమందికి ఏమీ ఉండదు. ఈ మాట ముందే చెప్పకపోతే ఆ ఫోను రాగానే ఇల్లంతా ఏడుపులు మొదలవుతాయి, లేదా భయపడి రెండోసారి అసలు రారు. రెండోదే ప్రమాదం. అలాగే బొమ్మలో ఏమీ లేదన్నారని చేతికి తగిలే గడ్డను వదిలేయకూడదు. చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా తరవాతి పరీక్ష దాకా ఆగకుండా రావాలి.

రొమ్ము పరీక్ష క్యాంపుల తేదీల గురించి కూడా రాయనివ్వండి. ప్రపంచమంతా అక్టోబరును రొమ్ము క్యాన్సర్ నెల అంటుంది కాబట్టి మనమూ అక్టోబరులోనే చేస్తాం. మన ఆడవాళ్ళకు అది ఆయుధపూజ పూల పని నెల, దీపావళి పనుల నెల. మామిడి కోతలప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల నుంచి ఎవరూ కదలరు. జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే హోసూరు గులాబీ షెడ్లలో ఊపిరి తిప్పుకోవడానికి తీరదు. ఒక రోజు కూలి పోగొట్టుకుని, ఒంట్లో బాగున్న మనిషి ఆస్పత్రికి రావాలంటే మనం ఆమె పంచాంగం చూడాలి. ఆగస్టు, సెప్టెంబరు మొదటి వారాలు కొంత తీరిక. ఫ్యాక్టరీల్లో పనిచేసే అమ్మాయిలకు ఈ పరీక్ష వయసు ఇంకా రాలేదు గానీ, ఇంట్లో అమ్మకు ఫోను చేసి చెప్పగలిగేది వాళ్ళే. షిఫ్టు మారే వేళ అక్కడికీ మీ మనుషులు వెళ్ళాలి.

గడ్డతో వచ్చిన మనిషికి అరవై రోజుల్లోపు రోగం తేల్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో గురి పెట్టింది. మన దగ్గర మాత్రం హోసూరు వాళ్ళు తమకు తోచిన దారిలో బెంగళూరు కిద్వాయి క్యాన్సర్ ఆస్పత్రికి పరిగెత్తుతారు, కృష్ణగిరి వాళ్ళు వైద్యకళాశాలకు పోతారు, మధ్యలో వేపనపల్లి, తళి వాళ్ళు ఎటు పోవాలో తెలియక నాటువైద్యుడి దగ్గర ఆగిపోతారు. మళ్ళీ రమ్మనే ఫోను తెలుగు వచ్చిన మనిషి చేయాలి. ఎక్కడికి, ఏ బస్సులో, ఎవరిని అడగాలో ఆ ఫోనులోనే చెప్పాలి. ఫోను ఎత్తనివాళ్ళ ఇంటికి మాత్రల సంచితో వచ్చే అమ్మాయే వెళ్ళాలి.

ఈ ఏడు మామిడి కోతలు అయిపోయాక మీరు పెట్టే తొలి క్యాంపుకు మా ఊరి ఆడవాళ్ళను నేనే పిలుచుకొస్తాను. తేదీ, గది నంబరు, పరీక్ష తీసే అమ్మాయి పేరు చీటీ మీద రాయించి పదిరోజుల ముందు పంపించండి. తిని రమ్మనీ, పౌడరు పూసుకోవద్దనీ, తాళి సంగతీ ఇంటింటికీ వెళ్ళి చెప్పే పని నాది.

ఇట్లు,
హోసూరు పక్క పల్లె నుంచి ఒక రిటైర్డ్ తెలుగు టీచరు