ఎఫ్రాయీము ఖబీలా, మన షజరా

యూసుఫ్ అలైహిస్సలాం చిన్న కొడుకు ఎఫ్రాయీము. ఆయన పేరుతో బనీ ఇస్రాయీల్‌లో ఒక ఖబీలా ఏర్పడింది. యూషా బిన్ నూన్ ఆ ఖబీలా మనిషేనని తౌరాత్ చెబుతుంది. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సైన్యం ఉత్తర రాజ్యాన్ని కూల్చి జనాన్ని తరలించుకుపోయింది. ఆ తర్వాత ఆ ఖబీలా జాడ తెగిపోయింది.

మా భీమవరం నుంచి కృష్ణ దాటి వెళితే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం ఉంది. అక్కడి కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఆ ఎఫ్రాయీము ఔలాద్ అంటాయి. ఒకప్పుడు బాప్టిస్టు క్రైస్తవులు, 1991లో సినగాగ్ పెట్టుకున్నారు. సబ్బాతు పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. మణిపూర్, మిజోరాంలలోని బ్నె మెనాషేలకు 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒకరు గుర్తింపునిచ్చారు. వీళ్లకు అది దక్కలేదు.

పెద్దకూర తినడం, మయ్యత్‌ను పూడ్చడం తమ పూర్వీకుల ఆనవాళ్లంటారు. అవి చాలామంది మాదిగల్లో ఉన్నవే, నసబ్‌కి సుబూత్‌గా నాకు చాలవు. అయినా మనవాళ్లు వాళ్లని చూసి నవ్వితే మాత్రం నాకు ఒళ్లుమండుతుంది. సయ్యద్, షేక్, మొఘల్, పఠాన్ అని చెప్పుకునే మన ఖాందాన్లలో ఎన్నింటి దగ్గర షజరా ఉంది? తమది ఎవరూ అడగరు. దూదేకుల ఇంటి నుంచి రిష్తా వస్తే మాత్రం "వాళ్లు అసలు ముసల్మానులేనా?" అంటారు.