డిఫాల్ట్‌గా ఆపేయడమే మేలు
క్యాషింగ్ సర్వర్‌కు కొత్త వెర్షన్ వస్తే అందరూ వేగం ఎంత పెరిగిందని అడుగుతారు. నేను డిఫాల్ట్ సెట్టింగుల్లో ఏం మారిందో ముందు చూస్తాను. ఉదాహరణకు, లైవ్‌జర్నల్ సైటు కోసం బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 2003లో రాసిన మెమ్‌క్యాష్‌డీ, పదేపదే అడిగే సమాచారాన్ని ర్యామ్‌లో ఉంచి డేటాబేస్ భారం తగ్గిస్తుంది. లోపలి నెట్‌వర్క్‌లో నడవాల్సిన ఈ ఓపెన్ సోర్స్ సర్వర్లను చాలామంది ఫైర్‌వాల్ లేకుండా ఇంటర్నెట్ మీద పెట్టేశారు. పైగా యూడీపీ అనే నెట్‌వర్క్ ప్రోటోకాల్ పోర్టు దానంతటదే తెరిచి ఉండేది. యూడీపీలో అడిగినవారి చిరునామా నిజమో కాదో తేల్చుకునే ఏర్పాటు లేదు. దాడిచేసేవాళ్లు బాధితుడి చిరునామాతో చిన్న ప్రశ్న పంపితే చాలు, వేల రెట్లు పెద్ద జవాబు వెళ్లి ఆ బాధితుడి మీద పడేది. 2018 ఫిబ్రవరి 28న గిట్‌హబ్ మీదికి సెకనుకు 1.35 టెరాబిట్ల వరద వచ్చింది ఇలాగే. ఆ రోజుల్లోనే వచ్చిన 1.5.6 వెర్షన్ యూడీపీని డిఫాల్ట్‌గా ఆపేసింది. కావాలనుకున్నవాళ్లే ఆన్ చేసుకోవాలి. ఆ చిన్న మార్పు నా లెక్కలో ఏ కొత్త ఫీచర్ కన్నా గొప్పది, ఎందుకంటే మాన్యువల్ చదివే తీరిక లేని అడ్మిన్‌ను కూడా అది కాపాడుతుంది. కానీ పాత వెర్షన్‌తోనే నెట్టుకొచ్చే సర్వర్‌కు ఆ రక్షణ దక్కదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీద వ్యాపారం నడిపే కంపెనీలు అప్‌గ్రేడ్ పనిని ఒకరికి బాధ్యతగా అప్పగించాలి, ఆ సాఫ్ట్‌వేర్‌ను నిర్వహిస్తున్నవాళ్లకు డబ్బు సాయమూ చేయాలి.