ఫంగస్‌ను మరిచిన వైద్యం

తాండూరులో నాపరాయికి పాలిష్ పట్టాలంటే మిషన్ మీద నీళ్లు ఆగకుండా పడుతుండాలి. దాని ముందు నిలబడే కూలీ బట్టలు పని దిగేదాకా తడిగానే ఉంటాయి. ఎండాకాలం ఆ తడికి చెమట తోడైతే గజ్జల్లో, నడుం చుట్టూ తామర పుట్టడానికి ఇంకేం కావాలి? ఒకరోజు కూలి పోగొట్టుకొని ఆస్పత్రిలో లైను కట్టే బదులు అతను మందుల షాపుకే పోతాడు. 'అన్నా, దురదకు మంచి ట్యూబు ఇయ్యి' అంటాడు. చేతికొచ్చే ట్యూబులో చాలాసార్లు ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ లాంటి ఘాటైన స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్ కలిసి ఉంటాయి.

నాలుగు రోజుల్లో దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది. ఫంగస్ మాత్రం పోదు. ఆ ఎరుపు, ఆ దురద ఫంగస్‌తో శరీరం చేస్తున్న పోరాటానికి గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే అణిచేస్తుంది. ట్యూబు మానగానే తామర తిరగబెట్టి తొడలదాకా పాకుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోవడంతో డాక్టరుకు కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. ఒకే తువ్వాలు వాడుకునే ఇంట్లో భార్యాపిల్లలకూ అంటుకుంటుంది. టెర్బినాఫిన్ మందుకు లొంగని తామర ఫంగస్‌ను భారత్, నేపాల్‌కు చెందిన రోగుల్లో గుర్తించిన జపాన్ పరిశోధకులు 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మన దేశం పేరు ఇలా ప్రపంచానికి తెలియడం బాధాకరం. స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే నిబంధన బిగించింది. కౌంటరు దగ్గర ఆ చీటీ అడిగేవారేరీ?

ఫంగస్ అంతా శత్రువేమీ కాదు. మలసీజియా మనందరి చర్మం మీదా ఉంటుంది. కాండిడా చాలామంది పేగుల్లో ఏ హానీ చేయకుండా బతుకుతుంది. పేగుల్లోని సూక్ష్మజీవుల్లో ఫంగస్ వాటా ఒక శాతం కూడా ఉండదు. అయినా యాంటీబయాటిక్‌లు విచ్చలవిడిగా మింగి బ్యాక్టీరియాను చంపుకుంటే, వాటి అదుపులో ఉన్న కాండిడా విజృంభిస్తుంది. యువైటిస్ అనే కంటి జబ్బు ఉన్నవారి పేగుల్లో ఫంగస్ రకాలు ఆరోగ్యవంతుల్లో కంటే వేరుగా ఉన్నాయని హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి పరిశోధకులు చూపారు. అది జబ్బుకు కారణమో, ఫలితమో ఇంకా తేలాలి.

కోవిడ్ రెండో అల నాటి 2021 మే నెల గుర్తుందా? బ్లాక్ ఫంగస్ కేసులతో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి కిక్కిరిసింది. ఆ ఫంగస్ ఎక్కడి నుంచో ఊడిపడలేదు. మన మట్టిలో, గాలిలో ఎప్పుడూ ఉన్నదే. అదుపు తప్పిన షుగర్, మోతాదు మించిన స్టెరాయిడ్లు దానికి దారి ఇచ్చాయి. అంత నష్టపోయాక కూడా స్టెరాయిడ్ పట్ల మనకు భయం కలగలేదు.

తాండూరు ఉన్న వికారాబాద్ జిల్లాదే ఇంకో కథ. అనంతగిరి కొండల మీద నిజాం కాలంలోనే టీబీ శానిటోరియం వెలిసింది. క్షయ గురించి ఇంతకాలంగా తెలిసిన ఈ నేల, క్షయ నయమయ్యాక ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. టీబీ తగ్గినా కొందరి ఊపిరితిత్తుల్లో గుంతలు మిగులుతాయి. గాలిలోని ఆస్పర్జిల్లస్ బీజాలు వాటిలో స్థిరపడతాయి. అలాంటి గుంతలున్న 544 మందిని బ్రిటన్‌లో 1960ల్లో పరీక్షిస్తే, నలుగురిలో ఒకరి రక్తంలో ఈ ఫంగస్‌కు యాంటీబాడీలు కనిపించాయి. ఈ ఫంగస్ ముదిరితే వచ్చే దగ్గు, గళ్లలో రక్తం, బరువు తగ్గడం అన్నీ టీబీ లక్షణాల్లాగే ఉంటాయి. దాంతో గళ్ల పరీక్షలో ఏమీ తేలకపోయినా మళ్లీ టీబీ మందులే మొదలుపెట్టే ప్రమాదం ఉంది. వాటితో ఈ ఫంగస్ చావదు. పైగా రిఫాంపిసిన్ వాడుతుంటే ఇట్రాకొనజోల్ లాంటి ఫంగస్ మందు రక్తంలో నిలవదు.

టీబీకే మనుషులు, డబ్బు చాలనప్పుడు ఫంగస్ వెంట పడాలా అని అడగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన 19 ప్రమాదకర ఫంగస్‌ల జాబితాలో ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగాటస్ అత్యంత కీలక వర్గంలో ఉంది. ఖర్చు కూడా భరించలేనిది కాదు. తామరకైతే చర్మాన్ని కొద్దిగా గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తే చాలు. తాండూరు జిల్లా ఆస్పత్రిలో ఈ పరీక్ష రోజూ జరగాలి. ఆస్పర్జిల్లస్ యాంటీబాడీల రక్తపరీక్ష 2023లో మొదలైన వికారాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాలలో ఉచితంగా అందాలి. టీబీ కోర్సు ముగిసినవారిని రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి చూడాలని జాతీయ కార్యక్రమం ఇప్పటికే చెబుతోంది. ఎక్స్‌రేలో గుంత ఉండి దగ్గు వీడనివారికి ఆ సందర్భంలోనే ఈ యాంటీబాడీ పరీక్ష కూడా రాయడానికి కొత్త పథకమేదీ అక్కర్లేదు.